టోబా కొండల్లో బటాక్ ఊళ్లు: మూడు మకాములు, తొమ్మిది రోజులు

మాది బనగానపల్లె దగ్గర ఊరు. పక్కనే జ్వాలాపురంలో, జుర్రేరు వాగు లోయలో, నేల కాస్త తవ్వితే తెల్లటి మెత్తటి బూడిద బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆ పొర మనిషి ఎత్తు ఉంటుంది. చిన్నప్పుడు మాకది ఎప్పటిదో యజ్ఞం బూడిద. అది 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి వచ్చి పడిందని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. వాడు జియాలజీ చదువుతున్నాడు. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రచురించిన పరిశోధన చూపించాడు. ఆ బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. "మామా, అది పుట్టిన చోటు చూడాలి" అని ఏడాది పాటు నా వెంటపడ్డాడు. వాళ్ల అమ్మ, అంటే మా అక్క, "పిల్లోణ్ణి ఒక్కణ్ణే పంపను, నేనూ వస్తా" అంది. అలా ముగ్గురం బయల్దేరాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టోబాకు వెళ్లే మనవాళ్లు చాలామంది సరస్సు ఒడ్డున టుక్‌టుక్ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉండి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. బటాక్ అంటే ఆ కొండల్లో ఉండే జాతి. అంత దూరం వెళ్లి బటాక్ ఊళ్లో ఒక ఇంట్లో ఉండకుండా వస్తే సగమే చూసినట్టు. అయితే ఆ ఊరి పరిస్థితి తెలుసుకుని వెళ్లాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ప్రయాణం గురించి కొద్దిగా. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడ విమానం మారితే గంటలో సుమత్రాలోని మేడాన్. వీసా విమానాశ్రయంలోనే దొరికింది, 30 రోజులకు 5 లక్షల రూపియా. మన రూపాయికి మాకు 180, 190 రూపియా మధ్య వచ్చింది. మేడాన్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న పారాపాత్‌కు కారులో నాలుగు గంటలు పైనే పట్టింది. దారంతా పామాయిల్ తోటలు, రబ్బరు తోటలు. కొండ ఎక్కాక గాలి మారిపోయింది. సరస్సు నీటి మట్టమే సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. సరస్సు పొడవు 100 కిలోమీటర్లు, లోతు 500 మీటర్లకు పైగా. మధ్యలో సమోసిర్ దీవి. అది ఒకప్పుడు ఈ సరస్సు అడుగే. కింద నుంచి ఒత్తిడికి పైకి లేచింది. రోడ్డు పక్క గట్ల మీద తెల్లటి మట్టి కనబడగానే మా మేనల్లుడు కారు ఆపించి దిగిపోయాడు. అక్క కూడా వెనకే దిగి, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. "మన దగ్గర బూడిద ఇంకా మెత్తగా ఉంటుంది కదరా" అంది. ఆ తేడా ఎందుకో వాడు వివరంగా చెప్పాడు.

మొదటి మకాం మేఅత్. బాలిగే పట్నానికి దగ్గర, సరస్సు దక్షిణపు ఒడ్డున, కొండల మధ్య చిన్న ఊరు. వరి మళ్లు మెట్లు మెట్లుగా దిగి నీళ్ల దాకా వస్తాయి. హోంస్టేలో గది శుభ్రంగా ఉంది, పరుపు మంచిది, వెస్టర్న్ టాయిలెట్ ఉంది. మూడు మకాముల్లో వసతికీ పల్లెకీ చక్కగా పొత్తు కుదిరింది ఇక్కడే. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే చెప్తాను. శని, ఆదివారాల్లో మాత్రం పట్నం నుంచి జనం వచ్చి టెంట్లు వేస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు. మామూలు రోజుల్లో వెళ్లడం మంచిది.

మేఅత్‌లో ఆడవాళ్లు ఉలోస్ నేస్తారు. ఉలోస్ అంటే బటాక్ వాళ్లు పుట్టుకకూ, పెళ్లికీ, చావుకూ భుజాల మీద కప్పే వస్త్రం. మగ్గానికి చట్రం ఉండదు. ఒక కొస గోడకో స్తంభానికో కట్టి, రెండో కొస నడుముకు పట్టీలా బిగించుకుని, కాళ్లు చాపి నేల మీద కూర్చుంటారు. దారం బిగువంతా వాళ్ల నడుమే మోస్తుంది. మంచి ఉలోస్‌కు వారాలు పడుతుంది. మేం మాట్లాడిన ఆమె పొద్దున పొలం పని, వంట ముగించుకుని మధ్యాహ్నం నుంచి నేస్తుంది. నడుం నొప్పి గురించి అడిగితే నవ్వి వీపు చూపించింది. అక్క ఒక ఉలోస్ కొంది, బేరం ఆడలేదు. ఇదే వస్త్రం బాలిగే సంతలో ఇంకా చౌకగా దొరుకుతుంది కానీ అందులో మరనేత ఎంతో, చేనేత ఎంతో మనకు తెలియదు. నేసే మనిషి దగ్గర కొంటే డబ్బు ఆ మనిషికే చేరుతుంది.

తర్వాత పారాపాత్‌కు తిరిగి వచ్చి, పడవలో టుక్‌టుక్. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. 2018 జూన్‌లో సమోసిర్‌లోని సిమానిందో నుంచి తిగరాస్ వెళ్తున్న పడవ మునిగి 160 మందికి పైగా గల్లంతయ్యారు. పడవ 450 మీటర్ల లోతున దొరికింది, మనుషుల్లో ఎక్కువమందిని పైకి తేలేకపోయారు. చీకటిపడ్డాక, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కకండి.

టుక్‌టుక్ గురించి ఎక్కువ రాయను. హాయిగా ఉంటుంది. నీళ్ల పక్కనే గదులు, వేడి నీళ్లు, శాకాహారం అడిగితే చేసిపెట్టే హోటళ్లు. ప్రయాణం బడలిక తీర్చుకోవడానికి బాగుంటుంది. తోమోక్‌లో రాజుల రాతి సమాధులు, అంబారితాలో రాతి కుర్చీల న్యాయసభ దగ్గర్లోనే ఉన్నాయి. ఒక పూటలో చూడొచ్చు. కానీ అక్కడ ఎదురయ్యే బటాక్ జీవితం చాలావరకు మనకోసం వేదిక మీద పెట్టింది. రెండో రోజు సాయంత్రానికి మా అక్క, "ఇక్కడ వీళ్ల వంటిల్లు ఎట్లుంటుందో చూడనే లేదు" అంది.

మూడో మకాం సియంజుర్ ములాములా లోయ. సమోసిర్‌కు పడమట, పుసుక్ బుహిత్ కొండ కింద. బటాక్ జాతి మూలపురుషుడు సి రాజా బటాక్ ఈ కొండ దగ్గరే పుట్టాడని, అక్కడి నుంచే అన్ని వంశాలూ పాకాయని వాళ్ల నమ్మకం. ఒక ట్రావెల్ మనిషికి ముందురోజే కారు చెప్పి అడ్వాన్సు ఇచ్చాం. పొద్దున రెండు గంటలు చూసినా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. చివరికి రోడ్డు మీదికి వచ్చి, ఎర్రగడ్డల బస్తాలతో వెళ్తున్న పల్లె వ్యాన్ ఎక్కి పంగురురాన్ చేరాం. నిజానికి ఆ వ్యాన్ ప్రయాణమే బాగుంది. పక్కన కూర్చున్న ముసలాయన అక్క బస్తా మీద కూర్చోకుండా తన సీటు ఇచ్చాడు. ఏటీఎం పంగురురాన్‌లో ఉంది. లోయలోకి వెళ్లేముందు అక్కడే డబ్బు తీసుకోవాలి, కార్డులు ఊళ్లో పనికిరావు. అక్కడే తానో పొంగోల్ కాలువ మీద వంతెన. డచ్చివాళ్లు ఆ కాలువ తవ్వకముందు సమోసిర్ దీవి కాదు, సన్నటి నేల మెడతో ఒడ్డుకు కలిసి ఉండేది.

మేం ఉన్న ఊళ్లో పది, పన్నెండు ఇళ్లు. రెండు వరసలు, మధ్యలో వాకిలి, చుట్టూ రాతి గట్టు, దాని మీద వెదురు పొద. బటాక్ వాళ్లు ఇలాంటి ఊరిని హుతా అంటారు. పాత ఇళ్ల కప్పు పడవలా రెండు కొసలు పైకి లేచి ఉంటుంది. ముందువైపు కొస కంటే వెనకవైపు కొస ఎత్తు. పిల్లలు తమకంటే పైకి రావాలని అలా కడతారని చెప్పారు. ముఖద్వారం మీద ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో చెక్కడాలు, అందులో బల్లి బొమ్మ. బల్లి ఎక్కడైనా అంటుకుని బతుకుతుందని, బటాక్ మనిషీ అలా బతకాలని వాళ్ల మాట. తలుపు పొట్టిది, తల వంచకుండా లోపలికి వెళ్లలేం. పైకప్పుకు వెనకటి రోజుల్లో తాటిజాతి చెట్టు నార కప్పేవారు. ఇప్పుడు తుప్పుపట్టిన రేకులు. నార కప్పించే స్తోమత ఊరికి లేదు. మేం పడుకున్నది పక్కనే కట్టిన మామూలు పలకల ఇంట్లో, చాప మీద పరుపులు వేసి.

వసతి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. స్నానాల గదిలో సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ చెంబు. నీళ్లు కొండ మీది ఊట నుంచి పైపులో వస్తాయి, ఒళ్లు జివ్వుమనేంత చల్లన. టాయిలెట్ మన పల్లెల్లోలాగా కింద కూర్చునేదే. రాత్రి స్వెట్టర్ కావాలి. కరెంటు మేం ఉన్న మూడు రాత్రుల్లో ఒకసారి పోయి గంటన్నరకు వచ్చింది. ఫోన్ సిగ్నల్ వాకిట్లో ఉంది, ఇంట్లో లేదు. ఇంటి వెనక పందుల దొడ్డి, వాసన వస్తుంది. కుక్కలు మొదటి రోజు మొరిగాయి, తర్వాత మాతోనే తిరిగాయి. మనిషికి రాత్రికి రెండు పూటల భోజనంతో రెండున్నర లక్షల రూపియా ఇచ్చాం. టుక్‌టుక్‌లో గదికి ఇచ్చిన దానితో పోలిస్తే తక్కువ కాదు. అయినా ఇచ్చిన ప్రతి రూపియాకు మాకు విలువ దక్కింది.

రెండో రోజు పొద్దున అక్క బండల మీద జారి చీలమండ బెణికింది. నాకు చాలా టెన్షన్ అయింది. ఊళ్లో డాక్టరు లేడు. ఇలాంటి పల్లెలకు బిదాన్ అని ప్రభుత్వ నర్సు లాంటి మంత్రసాని ఉంటుంది. ఆమె బండి మీద వచ్చి కట్టు కట్టి, ఎముక విరగలేదని చెప్పింది. విరిగి ఉంటే పంగురురాన్ ఆస్పత్రికి, ఇంకా పెద్దదైతే ఆరేడు గంటల దూరంలో ఉన్న మేడాన్‌కు వెళ్లాల్సిందే. గుండె జబ్బు, నడవలేని ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లను ఈ లోయలో రాత్రి ఉంచడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు మేఅత్ చాలు. ఊరివాళ్లకు మాత్రం ఆ దూరం ఏడాది పొడవునా ఉండేదే.

తిండి. శాకాహారులు ఇక్కడ కష్టపడతారు, ముందే చెప్పాలి. రోడ్డు పక్క లాపో అనే హోటళ్లలో పంది మాంసమే ప్రధానం. బోర్డు మీద బీ1 అని ఉంటే కుక్క మాంసం, బీ2 అంటే పంది. మాకు పెట్టింది ఎక్కువగా చేప. మనం బంగారుతీగ అనే చేపనే వాళ్లూ బంగారు చేప అంటారు. పసుపు, అల్లం, మిరప, కొండ అల్లం జాతి పువ్వు మొగ్గలు, అందాలిమాన్ నూరి పట్టించి, నీరంతా ఇగిరేదాకా సన్న మంట మీద ఉడికిస్తారు. దాన్ని ఆర్సిక్ అంటారు. అందాలిమాన్ పచ్చి మిరియాల గుత్తిలా ఉంటుంది, నిమ్మ వాసన, నాలుక మీద పడితే కాసేపు జుమ్మని మొద్దుబారుతుంది. ఆ ఘాటు మాకు భలే నచ్చింది. కర్రపెండలం ఆకు దంచి, ఉస్తికాయలు వేసి కొబ్బరిపాలతో చేసిన కూర ఇంకా నచ్చింది. అందులో ఎండు చేపపొడి వేస్తారు, వద్దంటే మానేశారు. బెల్లం, కొబ్బరి, బియ్యప్పిండి అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన లాపెత్ తిని అక్క, "ఇది మన కుడుమే" అని ఇంకోటి తీసుకుంది. ఇంటిపెద్ద అవ్వ పక్కన కూర్చుని రోట్లో నూరడం తనే చూసుకుంది, కాలి కట్టుతోనే.

ఆ అవ్వను అందరూ ఓంపుంగ్ అంటారు, అవ్వకూ తాతకూ అదే పిలుపు. మేం వెళ్లగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు, మర్గా. అంటే ఇంటిపేరు. బటాక్ వాళ్లు ఇద్దరు కలిస్తే ముందు ఇంటిపేర్లు చెప్పుకుని, తరాలు లెక్కగట్టి, ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చుకుంటారు. అప్పటిదాకా ఏమని పిలవాలో తెలియదు కదా. బడిలో టీచరుగా పనిచేసే ఆమె కోడలు మధ్యలో ఉండి మాకు అర్థం చెప్పింది. అక్క అత్తారింటి ఇంటిపేరు చెప్తే అవ్వ ఒప్పుకోలేదు, పుట్టింటిది చెప్పమంది. అక్కడ ఆడపిల్లకు పెళ్లయినా పుట్టింటి ఇంటిపేరే జీవితమంతా ఉంటుంది.

తర్వాత మా మేనల్లుణ్ణి చూపించి నేను వీడికి ఏమవుతానని అడిగింది. తల్లికి తమ్ముడినని చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. "తులాంగ్!" అని చాప మీద లోపలివైపు జరగమని నాకు చోటు చూపించింది. మేనమామ వాళ్లకు దేవుడంతటి వాడు. ఆడపిల్లను ఇచ్చిన వంశాన్ని హులా హులా అంటారు. ఆ వంశానికి తలవంచాలి, సొంత వంశంతో జాగ్రత్తగా ఉండాలి, ఆడపడుచుల వైపు వాళ్లను ఆదరించాలి. ఈ మూడూ మూడు పొయ్యిరాళ్లని, ఒకటి కదిలినా కుండ నిలవదని అంటారు. వెంటనే నాకు కూతురుందా అని అడిగింది. మేనమామ కూతురు వాళ్లకు పారిబాన్, అన్నిటికంటే మంచి సంబంధం. నాకిద్దరూ మగపిల్లలే అంటే నిజంగా బాధపడింది. మా మేనల్లుడు తల ఎత్తలేదు. అక్క ఉత్సాహంగా, మా దగ్గర మేనత్త కూతుర్నీ చేసుకుంటారని చెప్పింది. అవ్వ రెండు చేతులూ ఊపి వద్దు వద్దంది. మేనమామ కూతురు సరే, మేనత్త కూతురు వాళ్లకు చెల్లెలితో సమానం.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. బూడిద చూద్దామని వచ్చాం, మేనరికం దగ్గర కూర్చున్నాం. దేవుడికి వాళ్ల మాట దెబతా. బెరడు మీద రాసుకున్న పాత పుస్తకం వాళ్లకు పుస్తహా. వాళ్ల పాత లిపీ మన తెలుగు లిపీ ఎక్కడో బ్రాహ్మి దగ్గర కలుస్తాయి. వెయ్యేళ్ల కిందటే మన తీరాల వర్తకులు కర్పూరం కోసం ఈ దీవి పడమటి ఒడ్డున బరూస్‌కు వచ్చారు. అక్కడ 1088 నాటి తమిళ శాసనం దొరికింది. ఇవన్నీ చదివినప్పుడు పట్టించుకోలేదు. అవ్వ చాప మీద చోటు చూపించినప్పుడు పట్టించుకోక తప్పలేదు.

ఊళ్లో ఉన్నది ముసలివాళ్లు, చిన్నపిల్లలు, మధ్యవయసు ఆడవాళ్లు. ఎర్ర లాగులు, ఎర్ర గౌన్లు, తెల్ల చొక్కాలతో పిల్లలు పొద్దున్నే బడికి నడిచి వెళ్తారు. పై చదువుకు పంగురురాన్, మేడాన్, తర్వాత ఉద్యోగానికి జకార్తా. ఓంపుంగ్ పిల్లలు ఐదుగురిలో ఒక్క కొడుకే ఊళ్లో ఉన్నాడు. పిల్లల చదువు కోసం పొలమూ గేదెలూ అమ్ముకున్న ఇళ్లు ఆమె వేలుపెట్టి చూపించింది. తాళం వేసిన ఇళ్లు నాలుగు. పొలాల మధ్య మాత్రం కొత్తగా రంగులేసిన సమాధులు, పైన శిలువ, కొన్నిటికి బటాక్ ఇంటి కప్పు. దూరాన ఉన్న పిల్లలు డబ్బు వేసుకుని, పెద్దల ఎముకలు బయటికి తీసి, అందులో చేర్చి, ఊరంతటికీ విందు పెడతారు. బతికిన ఇంటికి రేకులు, పోయినవాళ్లకు టైల్సు. మొదట నాకు మనసొప్పలేదు. కోడలు చెప్పింది, ఆ సమాధి కోసమే పిల్లలు తిరిగి వస్తారని, లేకపోతే ఈ ఊరికి ఎవరొస్తారని. దానికి నా దగ్గర జవాబు లేదు.

పని భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే ఉంది. వరి, ఎర్రగడ్డ, పందులు, వంట అన్నీ వాళ్లవే. సాయంత్రం మగవాళ్లు లాపోలో కల్లు తాగుతూ చదరంగం ఆడతారు, గిటారు తీసి పాడతారు. పాట అద్భుతం. నలుగురు నాలుగు గొంతుల్లో పాడుతుంటే బయట నిలబడి వినాలనిపిస్తుంది. కానీ అదే వేళకు వాళ్ల ఇళ్లలో పొయ్యి ముందు ఎవరున్నారో కూడా చూశాను, అది రాయకపోతే తప్పవుతుంది. ఆదివారం ఊరంతా చర్చికి వెళ్తుంది. 1860లలో జర్మనీ మిషనరీ నోమెన్‌సెన్ వచ్చిన తర్వాత ఈ కొండలు లూథరన్ అయ్యాయి. ఆ పూట కొట్లు ఉండవు, వాహనాలు దొరకవు. అందుకే ఆదివారం ప్రయాణం పెట్టుకోకండి.

దగ్గర్లో చూడదగ్గది ఐక్ సిపితు దాయ్. మర్రిచెట్టు కింద ఏడు ధారలు, ఒక్కో ధార రుచి వేరని నమ్మకం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడిగా ఉంటుంది. అది చూసే చోటు మాత్రమే కాదు, ఊరివాళ్లు బట్టలు ఉతికి, స్నానం చేసే చోటు. కెమెరా సంచిలో పెట్టుకుని వెళ్లండి. సరస్సు నీళ్లలో మాత్రం చాలాచోట్ల గుర్రపుడెక్క పట్టింది, చేపలు పెంచే వలల గూళ్ల మేత కూడా అందులోనే కలుస్తుంది. ఇదే సరస్సును 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్క్‌గా గుర్తించింది. రోడ్లైతే బాగుపడ్డాయి. నీళ్ల సంగతి ఎవరు చూస్తారని టీచరమ్మ అడిగింది.

ఎవరైనా వెళ్తే, మేఅత్ రెండు రాత్రులు, లోయలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రికి వెళ్లి వాళ్లకు శ్రమ ఇవ్వకండి. డబ్బు ఏజెంటుకు కాకుండా ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు వద్దు, టీచరమ్మ గట్టిగా చెప్పింది. పెన్నులు, పుస్తకాలు అయితే బడికి ఇవ్వమంది. మేం తిరుగు ప్రయాణం తేలే కొండ మీదుగా, సిదికాలాంగ్, బెరాస్తగి దారిలో మేడాన్‌కు పెట్టుకున్నాం. ఏడు గంటలు పట్టింది.

బయల్దేరే పొద్దున కారు వాకిట్లోకి వచ్చాక ఓంపుంగ్ లోపలికి వెళ్లి చిన్న గిన్నెలో బియ్యం తెచ్చింది. మా మేనల్లుణ్ణి ముందుకు పిలిచి, వాడి నెత్తిన గుప్పెడు బియ్యం పెట్టి, "హోరాస్, హోరాస్, హోరాస్" అంది. ఆ బియ్యం మనిషి ప్రాణాన్ని గట్టిపరుస్తుందని కోడలు చెప్పబోతుంటే అక్క, "చెప్పనక్కర్లేదమ్మా, తెలుసు" అని తెలుగులోనే అని, కుంటుతూ వెళ్లి అవ్వ కాళ్లకు దండం పెట్టింది. అవ్వ కంగారుగా ఆమెను లేపి, గిన్నెలో మిగిలిన బియ్యం అక్క నెత్తిన పోసింది.